రెండు డాలర్ల పందెం, నూట పదహార్ల మొక్కు

పందెం కాయడంలో నాకంటే బుద్ధిమంతుడు నేపర్‌విల్‌లో ఇంకొకడు ఉండడని ఏడాది పాటు గట్టిగా నమ్మాను. నమ్మడమే కాదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను కూడా. బర్త్‌డే పార్టీల్లో సమోసా ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషి తప్పించుకునే వీల్లేకుండా అడ్డంగా నిలబడి మరీ చెప్పేవాణ్ణి. అందుకే తర్వాత జరిగింది కూడా నేనే చెప్పడం న్యాయం.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. పద్ధెనిమిదేళ్ళుగా అదే పని కాబట్టి ఎదుటివాళ్ళ తప్పులు నాకు భలే తొందరగా కనిపిస్తాయి. వారానికి మూడు రోజులు ట్రెయిన్‌లో చికాగో ఆఫీస్‌కి వెళ్తాను. ఆ ట్రెయిన్‌లోనే ఒక నల్గొండ మిత్రుడు తగిలాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, ఏదో బ్యాంకులో డేటా పని. ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని మీద ఫోన్, ఫోన్‌లో ఎప్పుడూ ఏదో ఒక ఆట, ఆ ఆట మీద పందెం. ఇక్కడ మేముండే రాష్ట్రంలో ఫోన్‌లో పందెం కాయడం చట్టబద్ధమే. టీవీ పెడితే అదే ప్రకటన, స్టేషన్‌లో దిగితే అదే బోర్డు. అయినా నాకు పందెం అనగానే ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బంధువుల పెళ్ళిళ్ళలో మూల కూర్చునే మనిషే గుర్తొచ్చేవాడు. ఆ మాటే అన్నాను.

"గట్లేం కాదన్నా," అన్నాడు. "పందెం కాసుడు తప్పు కాదు. లెక్క లేకుండ కాసుడు తప్పు. పోయినా ఏడ్వని పైసలు ఎంతనో ముందుగాల తీసి పక్కకు వెట్టు. అవి పోయినయా, ఆ నెలకు దుకాణం బంద్."

ఆ తర్వాత మూడు వారాలు రానూ పోనూ నాకు పాఠాలే. పక్కన పెట్టిన డబ్బులో ఒక్కో పందేనికి రెండు శాతం మించకూడదు. పోయినదాన్ని ఇవాళే రాబట్టుకోవాలని పందెం పెంచకూడదు. మనసు పడ్డ టీమ్ మీద అసలే కాయకూడదు, అక్కడ కళ్ళు మూసుకుపోతాయి. నాలుగైదు ఆటల్ని ఒక్క పందెంగా కట్టి ఐదు డాలర్లకి ఐదొందలు ఇస్తామని ఊరిస్తే అటు తల కూడా తిప్పకూడదు. గెలిచినా ఓడినా రాసుకోవాలి. వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. దీన్ని జూదం అంటారేమిటి, ఇది అచ్చమైన టెస్ట్ ప్లాన్ కదా అనుకున్నాను.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఎవరి రక్తంలో ఏముందో చూసి చూసి, ఇంట్లో ఎవరినీ తనిఖీ చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి. నా రూల్స్ అన్నీ ఓపిగ్గా వింది.

"నెలకి వందే కదా, సరే. మీకు సిగరెట్లు లేవు, గోల్ఫ్ లేదు. కానీ ఒక్కటి. దాటితే మీరే వచ్చి చెప్పాలి. నేను కనిపెట్టే దాకా ఊరుకోకూడదు. నాకు ఆ వంద కంటే అది ముఖ్యం."

"దాటితే కదా!" అన్నాను.

వేరే కార్డు తీసుకున్నాను. నెల మొదట్లో అందులో వంద వేసేవాణ్ణి. వందలో రెండు శాతం రెండు డాలర్లు. నా పందెం ఎప్పుడూ రెండు డాలర్లే. ఈ దేశపు ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి దగ్గరుందో కూడా తెలియని స్థితి నుంచి, రెండు డాలర్ల కోసం సోఫా అంచు మీదకి జరిగి గోళ్ళు కొరుక్కునే స్థితికి నాలుగు వారాల్లో వచ్చాను. స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, ఆట, పందెం, ఫలితం, మిగులు. గెలిస్తే ఆకుపచ్చ గడి, ఓడితే ఎర్ర గడి. దాన్ని మా నల్గొండ మిత్రుడికి చూపిస్తే, "అన్నా, నువ్వు నాకంటె డేంజర్ ఉన్నవ్," అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

మొదటి మొక్కు ఒక శనివారం మధ్యాహ్నం పుట్టింది. ఉతికిన బట్టలు మడతపెడుతూ బాస్కెట్‌బాల్ చూస్తున్నాను. ఇంకో అర నిమిషంలో ఆట అయిపోతుందనగా రెండు టీమ్‌ల స్కోరూ సమానం. నా చేతిలో దిండు గలీబు, నోట్లోంచి నాకు తెలియకుండానే మాట: "స్వామీ, ఈ ఒక్కటీ గెలిపించు, కొబ్బరికాయ కొడతాను." బంతి వెళ్ళి బుట్టలో పడింది. నాకొచ్చిన లాభం డాలరు ఎనభై సెంట్లు. ఇండియన్ స్టోర్‌లో కొబ్బరికాయ రెండు డాలర్లు. గెలిచి ఇరవై సెంట్లు నష్టపోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటానని నవ్వుకున్నాను.

ఇక్కడ నా భక్తి గురించి రెండు మాటలు. అరోరా వైపు ఉన్న గుడికి మా ఆవిడ చాలా ఏళ్ళుగా వెళ్తోంది. నేను డ్రైవ్ చేసేవాణ్ణి. తను పైకి దర్శనానికి, నేను కింద క్యాంటీన్‌కి. తను దిగి వచ్చేసరికి నేను పులిహోర ముగించి కాఫీ దగ్గర ఉండేవాణ్ణి. తను ఒక్కరోజు కూడా సణగలేదు. "మీ తరఫున కూడా దణ్ణం పెట్టొచ్చాను," అనేది. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను కానీ ఎప్పుడూ దొరకలేదు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం నేను క్యాంటీన్ వైపు తిరగకుండా కొబ్బరికాయతో తన వెనకే మెట్లెక్కాను. మొక్కు ఎగ్గొట్టే ధైర్యం నాకు లేదు. క్యాంటీన్‌లో కూర్చున్నంత మాత్రాన నాస్తికుణ్ణి కాను కదా. మా ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. గర్భగుడి ముందు నాకు చోటిస్తూ కాస్త పక్కకి జరిగింది. ఆ సంతోషం తన ముఖంలో ఇంటికొచ్చేదాకా ఉంది.

రెండో కొబ్బరికాయకి పని జరగలేదు. టీమ్ ఓడింది. మామూలు జూదగాడైతే ఇక్కడ పందెం పెంచుతాడు. నేను క్రమశిక్షణ గలవాణ్ణి, పందెం పెంచను. మొక్కు పెంచాను. పెంచకూడదని మా మిత్రుడి రూల్స్‌లో ఎక్కడా లేదు. పదకొండు డాలర్ల అర్చన మొక్కుకుంటే గెలిచింది. మళ్ళీ మొక్కుకుంటే ఓడింది. అయితే యాభై ఒకటి. అది నాలుగు వారాలు బాగా నడిచింది. అదీ తప్పితే అభిషేకం, నూట పదహార్లు. టెస్టర్ బుర్ర కదా, ఒక్కోసారి ఒక్కటే మార్చి ఫలితం చూడటం నాకు అలవాటు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకే నోరు తెరుచుకుంటుంది. ఓడితే నాకు పోయేది రెండు డాలర్లు. గెలిస్తే పోయేది నూట పద్నాలుగు. ప్రపంచంలో ఏ పందెగాడైనా ఓడిపోతానేమోనని భయపడతాడు, నేను గెలిచినప్పుడల్లా క్రెడిట్ కార్డు తీశాను. అయినా ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. ఎందుకంటే పందెం వేరే కార్డు, గుడి ఇంటి కార్డు. స్ప్రెడ్‌షీట్‌లో మొక్కుకి గడి లేదు. గడి లేనిది ఖర్చు కాదు. పద్ధెనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రామ్‌లలో సరిగ్గా ఇలాంటి తప్పులే పట్టుకుని జీతం తీసుకున్నాను.

ఇంటి కార్డులో గుడి పేరు మా ఆవిడకి కనిపించేది. కనిపించినకొద్దీ మురిసిపోయేది. మా సోఫా స్ప్రింగు ఒకటి తెగి, కూర్చున్న మనిషి ఎడమవైపుకి ఒరిగిపోతాడు. కొత్తది కొందామని తనే ఎప్పట్నించో అంటోంది. ఆ ఏడు, "సోఫా వచ్చే ఏడు చూద్దాం లెండి, గుడికి ఇస్తున్నాం కదా," అంది. నేను ఎడమవైపుకి ఒరిగి కూర్చుని తలూపాను.

ఒకసారి ఖర్చు లేని మొక్కు మొక్కుకున్నాను. ఒక బాస్కెట్‌బాల్ టీమ్ సీజన్ మొత్తం గెలుస్తుందని ముందే రెండు డాలర్లు కాశాను. గెలిస్తే నలభై. నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానన్నాను. గెలిచింది. శనివారం పొద్దున్నే ప్రదక్షిణలు మొదలుపెడితే మా ఆవిడ నా పక్కన చేరింది. తనకి కుడి మోకాలు నొప్పి, మెట్లెక్కితే రైలింగ్ పట్టుకోవాలి.

"దేనికండీ ఇన్ని?"

"ఊరికే. మన కోసం."

డెబ్బై దాటాక కుంటడం మొదలైంది. కూర్చోమన్నాను. "మన కోసమన్నారుగా. మీరొక్కరే తిరిగితే ఎలా?" అంది. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ నూట ఎనిమిదీ తిరిగింది. ఆ రోజు నాకు కడుపులో ఏదో కలుక్కుమంది. ఆకలి అనుకుని క్యాంటీన్‌కి వెళ్ళాను.

ఏడాది చివర స్ప్రెడ్‌షీట్ మొత్తం కూడితే ముప్పై ఒక్క డాలర్ల లాభం. ప్రింట్ తీసి మరీ మా ఆవిడకి చూపించాను. ఏ నెలా వంద దాటలేదు, ఏ పందెమూ రెండు దాటలేదు. "మీరు మాట మీద నిలబడే మనిషండీ," అని కేసరి చేసింది. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.

కేసరి తిన్న పది రోజులకి గుడి నుంచి కవరు వచ్చింది. ట్యాక్స్ కోసం ఏటా పంపే విరాళాల లెక్క. పోస్ట్‌బాక్స్ దగ్గరే చలిలో నిలబడి చించాను. ఇరవై తొమ్మిది సేవలు, రెండు వేల నూట ముప్పై తొమ్మిది డాలర్లు. కొబ్బరికాయలకి రసీదులుండవు, అవి వేరు. నా స్ప్రెడ్‌షీట్‌లో ఆకుపచ్చ గడులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు ఎర్రబడ్డాయి. వంద దాటలేదని చూపించాను. నెలకి నూట డెబ్బై పైన దాటింది. దాటితే చెప్పాలన్న మాట ఒక్కటే ఆవిడ నన్ను అడిగింది.

కవర్లో ఇంకో కాగితం ఉంది. వచ్చే కల్యాణానికి మా దంపతుల్ని ముందు వరసలో కూర్చోమనీ, వేదిక మీద శేషవస్త్రం కప్పుతామనీ ఆహ్వానం. ఆ కాగితం దాచేద్దామనుకునేలోపు గుడివాళ్ళు మా ఆవిడకి ఫోన్ కూడా చేసేశారు.

సోమవారం ట్రెయిన్‌లో మా మిత్రుడికి చెప్పాను. సగం వినేసరికి వాడు నవ్వు ఆపుకోలేక ముందు సీటు పట్టుకున్నాడు. ఎదురుగా నిద్రపోతున్న పెద్దాయన లేచి మమ్మల్ని కోపంగా చూశాడు.

"అన్నా, పందేనికి తగిలించిన ఖర్చంత పందెమే అయితది. ఆఖరికి పార్కింగ్ పైసలు గూడ లెక్కల వెయ్యాలె. నువ్వు అభిషేకాలు వదిలేసినవ్!" కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "వదినకు చెప్పకు. దేవునికే పోయినయ్ గద, తప్పేమున్నది?" అన్నాడు.

ఆ మాట నాకు హాయిగా తోచింది. వారం పాటు దాన్నే పట్టుకుని తిరిగాను.

కల్యాణం రోజు పొద్దున మా ఆవిడ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. పెళ్ళికి పెట్టిన చీర, పదహారేళ్ళలో నాలుగైదుసార్లు కట్టి ఉంటుంది. గుడి పార్కింగ్‌లో కారు ఆపాను. బాగా ఎండ కాస్తోంది. దిగబోతూ అద్దంలో బొట్టు సరిచేసుకుంటూ, "నిన్న అమ్మకి ఫోన్‌లో చెప్పాను," అంది. "ఈయన దేవుణ్ణి ఏదీ అడగరమ్మా, ఊరికే ఇస్తారు అని. అమ్మ ఏడ్చేసింది."

నేను స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యలేదు. మా అత్తగారు నా గురించి ఏడవడం ఇది మొదటిసారి కాదు కానీ, సంతోషంతో ఏడవడం మొదటిసారి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "ఒక్క నిమిషం కూర్చో," అన్నాను.

అంతా చెప్పాను. దిండు గలీబు దగ్గర మొదలుపెట్టి, కొబ్బరికాయ, అర్చన, అభిషేకం వరసగా. మొత్తం ఎంతో చెప్పాను. మొదట తనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అంటే గెలిచినప్పుడల్లా నష్టమా?" అని నవ్వడం మొదలుపెట్టింది. కాటుక చెదిరేలా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ నవ్వాను. గట్టెక్కానని అనుకున్నాను.

నవ్వుతూనే అడిగింది. "మరి ఆ ప్రదక్షిణలు?"

ఏదైనా చెప్పి ఉండచ్చు. "బాస్కెట్‌బాల్," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. కుచ్చిళ్ళు సర్దుకుంది, సర్దినవే మళ్ళీ సర్దుకుంది.

"నా మోకాలి కోసం అనుకున్నాను," అంది. "మొక్కు బయటికి చెప్తే ఫలించదంటారు కదా, అందుకని నాకు చెప్పట్లేదేమో అనుకున్నాను. తిరిగినంతసేపూ అదే అనుకుంటూ తిరిగాను."

పద్ధెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎన్నో తప్పులు పట్టుకున్నాను, ఎన్నిటికో రిపోర్టులు రాశాను. ఈ తప్పుకి ఏ గడిలో ఏం రాయాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ తనే నన్ను ఓదార్చాలని ఆపుకున్నాను.

"డబ్బు సంగతి తర్వాత చూద్దాం. మీరే చెప్పారు, అంతవరకు మంచిది," అని దిగింది.

లోపల ఒక వాలంటీర్ ఆవిడ జాబితా పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చి ముందు వరస చూపించింది. "వద్దండీ, మోకాలు నొప్పి. వెనక కుర్చీల్లో కూర్చుంటాం," అంది మా ఆవిడ. మైకులో మా పేర్లు పిలిచారు. నేను తన వైపు చూశాను. తను వేదిక వైపే చూస్తూ కూర్చుంది. మళ్ళీ పిలిచారు. మూడోసారికి ఇంకెవరినో పిలిచారు. మంగళసూత్రం కట్టేవేళ అందరూ లేచి అక్షింతలు వేశారు, మేమూ వేశాం. పక్కపక్కనే నిలబడ్డాం కానీ తన మోచెయ్యి ఎప్పటిలా నాకు తగల్లేదు.

పందెం యాప్ తీసేయమని తను అనలేదు. "ఆ వంద మీదే, మీ ఇష్టం," అంది. తీసేశాను. స్ప్రెడ్‌షీట్ మాత్రం వదిలిపెట్టలేక, పక్కన ఇంకో వరస పెట్టి ఇరవై తొమ్మిది సేవలూ ఎక్కించి, అసలు నష్టం తేల్చి మా ఆవిడకి పంపాను. జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. మా మిత్రుడు ఇంకా కాస్తూనే ఉన్నాడు, రెండు శాతం దాటకుండా. వాడికి బాగానే ఉంది. వాడు ఆట చూస్తూ దేవుణ్ణి పిలవడు. రూల్స్‌లో తప్పులేదు. నా డబ్బు ఏ పక్క నుంచి కారిపోతుందో ఆ పక్క నేను చూసుకోలేదు, అంతే.

తర్వాతి శనివారం పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, "గుడికి బయల్దేరదామా?" అన్నాను. మొక్కేమీ లేదు. కొబ్బరికాయ కూడా కొనలేదు. తనతో మెట్లెక్కాలనిపించింది.

మా ఆవిడ టీ తాగుతోంది. తల ఎత్తి, బయట వాన పడుతోందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇవాళ ఏ మ్యాచ్ ఉంది?"

"ఏదీ లేదు," అన్నాను.

తను ఫోన్ తీసింది. వేలితో కిందికి జరుపుతూ కాసేపు చూసింది. "ఆరున్నాయి," అంది.

వాటిలో ఏ ఒక్కదాని మీదా నావి రెండు డాలర్లు లేవని చెప్పాను. సరేనని చెప్పులు వేసుకుంది. కారు తనే నడిపింది. దారిలో రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగితే రెండుసార్లూ తిరిగి నా ముఖంలోకి చూసింది. నేను చెప్పిన మాటని అలా నా ముఖంలో వెతుక్కోవడం, పదహారేళ్ళలో అదే మొదలు.